ఉద్దానంలో గ్యాసు బిళ్ల

ఉద్దానంలోని మందస బజారులో సాయంత్రం పూట జనం రెండు చోట్ల ఆగుతారు. ఒకటి కోవా కొట్టు, రెండోది మందుల కొట్టు. కోవా కొనేవాళ్లలో వాసుదేవ పెరుమాళ్ గుడికి వచ్చి వెళ్లే పొరుగూరివాళ్లు కూడా ఉంటారు. మందులు కొనేది మాత్రం ఊరివాళ్లే. మందు పేరు చెప్పరు, చీటీ చూపించరు. "ఒంటినొప్పులకి నాలుగు, గ్యాసుకి నాలుగు" అంటారు. కొట్టువాడు రెండు అట్టల్లోంచి కత్తెరతో నాలుగేసి బిళ్లలు కోసి కాగితంలో చుట్టి ఇస్తాడు. కోసిన చోట మందు పేరు సగం తెగిపోతుంది. గడువు తేదీ కొట్టులోనే ఉండిపోతుంది.

అలాంటి ఒక పొట్లం మీద పండగ నాడు మా పక్కింటి అరుగు మీద పెద్ద వాదన నడిచింది. మావయ్య ముప్పై ఏళ్లుగా ఆర్.ఎం.పి. సైకిలు మీద మొదలుపెట్టి మోటారు సైకిలు దాకా వచ్చాడు. మేనకోడలు విశాఖలో ఒక ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో నర్సు. పేర్లెందుకు, ఉద్దానంలో ప్రతి ఊళ్లోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. వాళ్ల మధ్య కోవా పొట్లం ఉంది. నేను కోవా పక్షాన కూర్చున్నాను.

మేనకోడలు: మావయ్యా, అలమరలో గ్యాసు బిళ్లల డబ్బా చూశాను. అత్త ఎన్నాళ్ల నుంచి వేసుకుంటోంది?

మావయ్య: తిత్లీ తుపాను అయిన ఏడాది నుంచి. పొద్దున్నే పరగడుపున ఒకటి. సుఖంగా ఉంది. ఏటి, వేసుకోకూడదేటి?

మేనకోడలు: మంట ఎందుకొస్తోందో ఎప్పుడైనా చూపించారా? కడుపులో హెచ్. పైలోరీ అనే పురుగు ఉన్నా మంటొస్తుంది.

మావయ్య: చూపించడానికేటుంది? కారం, పులుపు, ఎండుచేప, వేళకి తినకపోవడం. ఆపైన దిగులు. 2018 అక్టోబరులో ఆ ఒక్క రాత్రికి తోటలో సగం కొబ్బరిచెట్లు పడిపోనాయి. బిడ్డల్లా పెంచిన చెట్లు. తెల్లారి మీ అత్త తోటలోకెళ్లి కూలబడిపోయింది. దాని కడుపు ఆ రోజే మండింది. నువ్వొచ్చి పురుగంటావు.

మేనకోడలు: దిగులుని నేను కాదనను. 1995లో జపాన్‌లో కోబే భూకంపం వచ్చాక అక్కడి డాక్టర్లు లెక్క చూశారు. కడుపులో పుళ్లు, రక్తం కారే పుళ్లు పెరిగాయి. 2011 భూకంపం, సునామీ తర్వాతా అంతే. పురుగు లేకుండా, నొప్పి మాత్రలు వేసుకోకుండా కూడా కొందరికి పుళ్లు వచ్చాయి.

మావయ్య: మరి! నేను చెప్పిందే జపానోళ్లూ చెప్పారు.

మేనకోడలు: సగమే చెప్పారు మావయ్యా. ఆ పుళ్లు వచ్చింది విపత్తు తర్వాత కొన్ని వారాల్లో. మీరు మళ్లీ మొక్కలు నాటారు, అవి నా కంటే ఎత్తు పెరిగాయి. మంట ఇంకా ఉందంటే దానికి తుపాను చాలదు.

మావయ్య: అయితే కోవా తినమను. పాలని మించిన మందు నేదు. మా అయ్యకి పుండొస్తే గంటగంటకీ పాలే పట్టేవోళ్లు.

మేనకోడలు: ఆ వైద్యం తాతగారిది ఒక్కరిదే కాదు. షికాగోలో సిప్పీ అని ఒక డాక్టరు 1915లో దాన్ని శాస్త్రంగానే రాశాడు. గంటగంటకీ పాలు, మీగడ. ప్రపంచమంతా చాలా ఏళ్లు అదే పాటించింది. పాలు పడగానే మంట చల్లారుతుంది. కాసేపటికి ఆ పాలే ఇంకా ఆమ్లాన్ని ఊరిస్తాయి. మరి తాతగారికి పుండు పాలతో తగ్గిందా?

మావయ్య: ఎక్కడ? చివరికి విశాఖ తీసుకెళ్లి కడుపు కోశారు. ఇదిగో, ఇక్కడి నుంచి ఇక్కడికి కుట్లు.

(మావయ్య రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా వేలితో గీత గీశాడు. ఆ తరంలో పుండు రోగి అంటే చొక్కా ఎత్తితే గీత ఉండాల్సిందే. ఇప్పుడు ఆ గీతలు కనిపించవు. ఎందుకు కనిపించవన్నదే అసలు కథ.)

మేనకోడలు: ఆ కోత అవసరం లేకుండా చేయడంలో ఇద్దరి పాత్ర పెద్దది. ఆస్ట్రేలియాలో పెర్త్ ఆసుపత్రిలో రాబిన్ వారెన్ అని కడుపు ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసే డాక్టరు. 1979లో ఆయనకి ఆ ముక్కల మీద మెలితిరిగిన క్రిములు కనిపించాయి. ఆమ్లంలో క్రిమి బతకదని అందరూ చదువుకున్నారు కాబట్టి ఎవరూ నమ్మలేదు. తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు కలిశాడు. ఆ క్రిమిని గిన్నెల్లో పెంచాలని చూశారు, పెరగలేదు. రెండు రోజులు చూసి పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవులకి ల్యాబులో గిన్నెలు అలాగే ఉండిపోయాయి. ఐదారు రోజులకి వచ్చి చూస్తే క్రిమి పెరిగి ఉంది.

మావయ్య: సెలవు పుణ్యమా అని.

మేనకోడలు: అయినా నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన నీళ్లు తానే తాగాడు. ఇంట్లో భార్యకి ముందు చెప్పలేదు. వారం తిరక్కుండా వాంతులు, నోటి దుర్వాసన. గొట్టం వేసి చూస్తే కడుపు పొర వాచి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

మావయ్య: నా దగ్గరికొచ్చుంటే ముందు పిచ్చికి వైద్యం చేసుందును. సరే, ఆమ్లంలో ఎలా బతుకుతాదో అది చెప్పు.

మేనకోడలు: యూరియాతో.

మావయ్య: ఏ యూరియా? పొలంలో చల్లేదా?

మేనకోడలు: అదే. కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఉండేదీ అదే. మన రక్తంలోంచి, నోటి నీళ్లలోంచి కడుపులోకి కొంచెం చేరుతుంది. ఈ క్రిమి దాన్ని విరగ్గొట్టి అమోనియా చేసుకుంటుంది. అమోనియా ఆమ్లాన్ని చంపుతుంది. ఆ గొడుగు కింద ఇది కడుపు జిగురులోకి దూరి కూర్చుంటుంది. ముక్క తీసినప్పుడు మేము చేసే పరీక్ష కూడా ఇదే. మినపగింజంత ముక్క కూడా ఉండదు. దాన్ని యూరియా కలిపిన పసుప్పచ్చ జిగురులో గుచ్చుతాం. క్రిమి ఉంటే, ఇలా మాట్లాడుకుంటూ ఉండగానే, ముక్క చుట్టూ గులాబి రంగు పాకుతుంది. ఒక్కోసారి రోగి బల్ల దిగేలోగా గిన్నె అంతా గులాబి అయిపోతుంది.

ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో యూరియా, క్రియాటినిన్ అనే మాటలు నర్సులు నేర్పక్కర్లేదు. చదువురాని ముసలమ్మ కూడా తన అంకె ఎంతో చెబుతుంది. ఆ అంకెల భయం తెలిసినవాడు కనుకే తర్వాతి మాట గట్టిగా వేశాడు.

మావయ్య: ఒప్పుకున్నాను, పురుగుంది. ఎంతమందిలో ఉంది?

మేనకోడలు: ప్రపంచంలో దాదాపు సగం మందిలో. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైనే.

మావయ్య: అందులో ఎంతమందికి బాధ?

మేనకోడలు: పదిమందిలో ఎనిమిది మందికి పైగా జీవితమంతా ఏమీ తెలియదు.

మావయ్య: అదీ మాట. మరి దాన్ని పురుగంటావేటి, చుట్టమను. ఎన్నాళ్ల నుంచి ఉందంట మనుషుల్లో?

మేనకోడలు: మనిషి ఆఫ్రికా దాటి రాకముందు నుంచే. హైదరాబాదులో శాస్త్రవేత్తలు మనవాళ్ల కడుపుల్లోంచి తీసిన క్రిముల జన్యువుల్ని చదివి 2007లో ప్రకటించారు. వాటి వంశం యూరప్ క్రిములతో కలిసిందట. అంటే మన పూర్వీకుల ప్రయాణాలన్నీ దాని ఒంట్లో రాసి ఉన్నాయి.

మావయ్య: అంత పాత చుట్టాన్ని వెళ్లగొడితే కడుపుకి మంచిదేనా?

మేనకోడలు: ఆ ప్రశ్న పెద్ద శాస్త్రవేత్తలే వేశారు. ఇది పోయిన దేశాల్లో ఛాతీలోకి ఆమ్లం ఎగదన్నే జబ్బు పెరిగిందని చూపించారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని పొగాకు ఉన్న జాబితాలోనే పెట్టింది. చుట్టమే, కాదనను. ఇంటికి నిప్పు పెట్టే చుట్టం.

మావయ్య: అందరిళ్లకీ పెట్టడు కదా. మైసూరులో పనిచేసిన ఇంగ్లీషు సర్జన్ ఒకాయన, మొన్న నువ్వే చెప్పావు.

మేనకోడలు: ఫ్రాంక్ టోవీ. 1979లో రాశాడు. అన్నం తినే దక్షిణాదిలో, బెంగాల్, అస్సాం వైపు పేగు మొదట్లో పుళ్లు ఎక్కువ, గోధుమలు తినే పంజాబు వైపు తక్కువ అని. తర్వాత చూస్తే క్రిమి మాత్రం రెండు చోట్లా ఉంది.

మావయ్య: మరి? తిండి లెక్కలోకి వస్తాదా, రాదా?

మేనకోడలు: వస్తుంది. క్రిమి ఒక్కటే పుండు చేయదు. దాని జాతి, మన ఒళ్లు, ఉప్పు, పొగ, తిండి అన్నీ కలవాలి. అందుకే మన దగ్గర క్రిమి ఎక్కువ, కడుపు క్యాన్సర్ జపాన్ కంటే తక్కువ. మళ్లీ మన దేశంలోనే మిజోరాంలో అది చాలా ఎక్కువ.

(ఈ గెలుపుతో మావయ్య కోవా ముక్క ఇంకొకటి తీసుకున్నాడు. నిజానికి ఇది చిన్న గెలుపేమీ కాదు. సగం జనాభాలో ఉండి అందరికీ పుండు చేయని క్రిమి కోసం ఊరు ఊరంతా యాంటీబయాటిక్స్ మింగితే మిగతా మందులు కూడా పనిచేయడం మానేస్తాయి.)

మావయ్య: ఇంకొకటి. నా దగ్గరికొచ్చే మనిషి ఎవరు? పలాస జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టే ఆడది. జీడి నూనెకి వేళ్లు నల్లబడి తోలు ఊడి ఉంటాది. రోజు కూలి పోతే పొయ్యి వెలగదు. దానికి విశాఖ వెళ్లి గొట్టం వేయించుకోమంటావా? నా రెండు బిళ్లలకి సాయంత్రానికి మంట తగ్గి మర్నాడు పనికి పోతాది. నువ్వు చెప్పే వైద్యం కంటే నాది తప్పేటి?

మేనకోడలు: తప్పని ఎవరన్నారు? మొదటి వారం తప్పు కాదు. ఆరో ఏడు తప్పు. గొట్టమే అక్కర్లేదు మావయ్యా. ఊదే పరీక్ష ఉంది, మందు తాగి సంచిలో ఊదడమే. మల పరీక్ష ఉంది, చిన్న డబ్బాలో ఇస్తే ల్యాబువాళ్లు పెద్ద ఊరికి పంపుతారు. గొట్టం ఎవరికంటే, బరువు తగ్గిపోతున్నవాళ్లకి, మింగుడు పడనివాళ్లకి, రక్తం కక్కేవాళ్లకి, తారులా నల్లగా విరేచనం అయ్యేవాళ్లకి.

మావయ్య: ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే అవుతాది.

మేనకోడలు: అవుతుంది. కానీ తారులా జిగటగా, కంపుతో అయితే ఐరన్ కాదు. ఐరన్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. అత్త ఐరన్ మాత్రలు ఎన్నాళ్లుగా వేసుకుంటోంది?

మావయ్య: ఏడాది దాటింది. రక్తం పెరగడం నేదు. అలసట.

మేనకోడలు: మోకాళ్ల నొప్పులకో?

మావయ్య: అది తప్పదు కదా. నడవలేదు. వారానికి మూడు నాలుగు బిళ్లలు.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని చోళ్లు చెరుగుతున్న అత్త చేట ఆపింది. మేనకోడలు లేచి అలమరలోంచి మూడు డబ్బాలూ తెచ్చి అరుగు మీద వరసగా పెట్టింది.

మేనకోడలు: చూడు. ఇది నొప్పి మాత్ర. కడుపు పొరని గీరుతుంది. కడుపులో క్రిమి కూడా ఉంటే ఆ రెండింటి ప్రమాదం కూడిక కాదు, హెచ్చవేత. గీరిన చోట చుక్క చుక్క రక్తం పోతే మనకి తెలియదు. ఇది ఐరన్. ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఇది గ్యాసు బిళ్ల. ఆ ఆమ్లాన్ని ఆపేస్తుంది. క్రిమి ఉంటే అది కూడా ఇనుముని ఒంటికి అందనివ్వదు. మూడు డబ్బాలూ ఒకదాని పని ఒకటి చెడగొడుతున్నాయి, మధ్యలో అత్త మింగుతోంది.

మావయ్య: (కాసేపాగి) నేనే ఇచ్చాను మూడూ.

మేనకోడలు: తప్పు పట్టడానికి చెప్పలేదు.

మావయ్య: సరే, నువ్వన్న పరీక్షే చేయిస్తాను. రేపే.

మేనకోడలు: రేపు కాదు. గ్యాసు బిళ్ల ఆపి రెండు వారాలవ్వాలి. ఆ బిళ్ల క్రిమిని చంపదు, నిద్రపుచ్చుతుంది. నిద్రపోతే పరీక్షకి దొరకదు, లేదని వస్తుంది. ఈమధ్య యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి.

అత్త: రెండు వారాలు బిళ్ల లేకపోతే నా మంట నువ్వు మోస్తావేటే?

మేనకోడలు: నిజమే అత్తా, ఒక్కసారిగా మానితే ఆమ్లం కసిగా ఊరుతుంది. కొన్నాళ్లు ఎక్కువే మండుతుంది. ఆ రోజులకి వేరే చిన్న మందు రాయించుకుందాం, పరీక్షకి అడ్డు రానిది.

మావయ్య: ఉందని తేలిందనుకో. నాకు తెలుసు ఆ మందులు, కిట్టు వస్తాది. వారం వేస్తే అయిపోతాది.

మేనకోడలు: వారంతో సరిపెట్టే కాలం పోయింది. మన దేశంలో ఈ క్రిమి పాత మందులకి లొంగడం తగ్గింది. ఎందుకో తెలుసా? జ్వరానికి మూడు రోజులు, విరేచనాలకి రెండు రోజులు అంటూ అవే మందులు చిల్లరగా పంచాం కనుక. ఇప్పుడు పధ్నాలుగు రోజులు, నాలుగు రకాల మందులు. అందులో బిస్మత్ ఒకటి. అయిపోయాక నాలుగు వారాలాగి మళ్లీ పరీక్ష. రక్త పరీక్షతో కాదు, అది క్రిమి పోయాక కూడా ఉందనే చెబుతుంది.

మావయ్య: బిస్మతా? కిడ్నీ పాడైనోళ్లకి?

ఈ ప్రశ్న మావయ్య నోట్లోంచి ఎంత వేగంగా వచ్చిందంటే, మేనకోడలు కూడా తడబడింది. విశాఖ ఎండోస్కోపీ గదిలో ఇది రోజూ అడిగే ప్రశ్న కాదు. ఇక్కడ మొదటి ప్రశ్న ఇదే అవ్వాలి. మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం. ఈ పట్టీలో షుగరూ బీపీ లేని రైతులకి కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి నీళ్లు పైపుల్లో తెచ్చారు. కారణం మాత్రం ఇంకా వెతుకులాటలోనే ఉంది.

మేనకోడలు: నువ్వన్నది నిజం మావయ్యా. కిడ్నీ బాగా దెబ్బతింటే బిస్మత్ ఇవ్వకూడదు. టెట్రాసైక్లిన్ కూడా తగదు. మిగతా వాటిలో కొన్నింటి మోతాదు తగ్గించాలి. ముందు క్రియాటినిన్ చూడాలి.

మావయ్య: అయితే గ్యాసు బిళ్లే మేలు కదా వాళ్లకి.

మేనకోడలు: అదీ కాదు. ఆ బిళ్లలు కొందరికి కిడ్నీలో వాపు తెస్తాయని డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు. 2016లో అమెరికాలో వేలమంది వివరాలు చూస్తే, ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించింది. బిళ్ల వల్లే వచ్చిందని రుజువు కాలేదు. కానీ ఉద్దానంలో రుజువయ్యేదాకా ఆగుతావా? ఇక నొప్పి మాత్రల సంగతి నీకు తెలియనిది కాదు.

మావయ్య: తెలుసు. తెలిసే ఇస్తాను. ఇవ్వకపోతే ఇంకో కొట్టుకి పోతారు.

ఆ మాటకి మేనకోడలి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కాసేపు ముగ్గురం అత్త చేట చప్పుడు వింటూ కూర్చున్నాం. తర్వాత మావయ్య లేచి గ్యాసు బిళ్లల డబ్బా మీద బాల్‌పెన్నుతో ఆ రోజు తేదీ వేశాడు. పధ్నాలుగు రోజులు లెక్కపెట్టి ఇంకో తేదీ వేశాడు. నొప్పి మాత్రల డబ్బా తన సంచిలో పడేసుకున్నాడు. అత్త మోకాళ్లకి నూనె కాచమని కూతురికి కేకేశాడు.

ఇద్దరిలో ఎవరిది నెగ్గిందని అడిగితే, నా ఓటు మేనకోడలికే, ఒక్క ప్రశ్న మినహాయించి. ఆ కిడ్నీ ప్రశ్న మావయ్యది. అందుకే ఉద్దానంవాళ్లకి ఈ మాట చెబుతున్నాను. నెలల తరబడి గ్యాసు బిళ్ల మీద బతుకుతుంటే, డాక్టరు దగ్గరికెళ్లి కడుపులో హెచ్. పైలోరీ ఉందేమో చూడమని అడగండి. వెళ్లేటప్పుడు మీ కొత్త క్రియాటినిన్ కాగితం, ఇంట్లో వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లండి. పేరు సగం తెగిన ముక్కలు కాదు, పూర్తి అట్టలు.